జనం లెక్క సరే, జమ ఎక్కడ?

సంక్రాంతి సెలవులు ముగిసినా, వైకుంఠ ఏకాదశి గడిచినా, కొత్త సంవత్సరం సంబరాలు అయిపోయినా మర్నాడు పత్రికల్లో వచ్చే వార్త ఒకటే. ఫలానా నగరానికి ఇన్ని లక్షల మంది వచ్చారు, లాడ్జీల్లో గది దొరకలేదు, ఇన్ని కోట్ల వ్యాపారం జరిగింది. ఆ పక్కనే రావలసిన వార్త మరొకటి ఉంది. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక ఎన్ని టన్నుల చెత్త ఎత్తారు, దానికి ఎంతయింది, ఆ డబ్బు ఎవరి జేబులోంచి వచ్చింది? అది ఎక్కడా అచ్చు కాదు. జమాఖర్చుల పుస్తకంలో జమ పేజీ మాత్రమే చూపించి లాభం వచ్చిందనే వ్యాపారికి ఎవరూ అప్పివ్వరు. పర్యాటకం దగ్గరకొచ్చేసరికి ప్రభుత్వాలూ, వ్యాపార సంఘాలూ, పత్రికలూ అందరూ ఆ పనే చేస్తున్నారు.

వాళ్ళ వాదం అందరికీ తెలిసిందే. పర్యాటకుడు బయటి డబ్బు తెస్తాడు. అది హోటలు యజమానికి, ఆయన నుంచి వంటవాడికి, కూరగాయల కొట్టుకు, పాలవాడికి చేతులు మారుతూ ఊరంతటినీ పోషిస్తుంది. కాబట్టి ఎంతమంది వస్తే అంత మంచిది. ఇజాలన్నింటికీ కాలం చెల్లింది, ఇక మిగిలింది టూరిజమేనని చంద్రబాబు నాయుడు చాలాసార్లు అన్నారు. 2024 డిసెంబరులో ఆయన ప్రభుత్వం తెచ్చిన పర్యాటక విధానం ఈ రంగానికి పరిశ్రమ హోదా కట్టబెట్టింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ మాటను గట్టిగా కాదన్న పార్టీ కనిపించదు.

పర్యాటకుడు ఖర్చు పెడతాడన్నది నిజం. ఆ ఖర్చు నగరానికి ఆదాయం అన్నది మాత్రం అబద్ధం. నగరానికి కచ్చితంగా దక్కేది ఒక్కటే: ఆ ఖర్చు వెనక మిగిలే చెత్త.

ముందు తలల లెక్క చూద్దాం. కేంద్ర పర్యాటక శాఖ గణాంకాల ప్రకారం 2023లో దేశీయ పర్యాటకుల సందర్శనలు సుమారు 250 కోట్లు. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 25 కోట్ల పైచిలుకు. ఐదు కోట్ల జనాభా ఉన్న రాష్ట్రానికి 25 కోట్ల మంది వచ్చారని వేదికల మీద చెబితే చప్పట్లు మోగుతాయి. కానీ ఇవి సందర్శనలు, మనుషులు కారు. తిరుపతి, శ్రీకాళహస్తి, కాణిపాకం చూసుకుని వెళ్ళిన ఒకే కుటుంబం మూడు చోట్లా లెక్కకెక్కవచ్చు. పైగా వీళ్ళలో ఎందరో ఇంట్లో పులిహోర కట్టుకుని, రాత్రి రైలెక్కి, దొరికిన సత్రంలో నడుం వాల్చి, అన్నదానంలో తిని వెళ్ళే యాత్రికులు. వాళ్ళు రావడం తప్పు కాదు, వాళ్ళ దగ్గర డబ్బు లేకపోవడం అంతకన్నా తప్పు కాదు. ఆ తలలన్నింటినీ ఏదో ఒక సగటు ఖర్చుతో హెచ్చవేసి వేల కోట్లు వచ్చాయని చాటడమే తప్పు.

ఈ హెచ్చవేత ఎంత దూరం పోగలదో 2025 ప్రయాగరాజ్ కుంభమేళా చూపించింది. 66 కోట్ల మంది స్నానం చేశారు, 3 లక్షల కోట్ల రూపాయల వ్యాపారం జరిగింది అని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం చెప్పుకుంది. భాగించి చూస్తే తలకు 4,500 రూపాయలు. రైలు పెట్టె తలుపు దగ్గర నిలబడి వచ్చి, మునిగి, మర్నాటికి పనిలోకి వెళ్ళిపోయిన కూలీ కూడా 4,500 ఖర్చు పెట్టాడా? చంకలోని పసిబిడ్డ కూడా పెట్టిందా? అదే మేళా నడుస్తుండగా నదిలో నీరు పలు సందర్భాల్లో స్నానానికి తగిన ప్రమాణంలో లేదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు నివేదించింది. మొదటి అంకెను ప్రభుత్వం ఘనంగా చాటింది. రెండోదాన్ని దుష్ప్రచారం అంది.

సరే, అంకెల్లో అతిశయోక్తి తీసేద్దాం. నిజంగా ఖర్చు పెట్టే కుటుంబాన్నే తీసుకుందాం. హైదరాబాదు నుంచి నలుగురు తిరుపతి వచ్చారు. వందేభారత్ టికెట్టు డబ్బు రైల్వేకు పోతుంది. కారులో వస్తే పెట్రోలు మీద పన్ను కేంద్రానికీ రాష్ట్రాలకూ, టోలు రహదారి లెక్కకూ పోతాయి. 300 రూపాయల దర్శనం టికెట్టు, 50 రూపాయల లడ్డూ టీటీడీవి. గది యాప్‌లో తీసుకుంటే కమీషను ఏ గురుగ్రామ్‌లోనో, మరే దేశంలోనో ఉన్న కంపెనీకి చేరుతుంది. గది మీదా భోజనం మీదా కట్టిన జీఎస్టీని కేంద్రం, రాష్ట్రం పంచుకుంటాయి. నీళ్ళ సీసా, చిప్స్ పొట్లం, కూల్‌డ్రింకు అమ్మిన కొట్టువాడికి మిగిలేది రూపాయో రెండో, తక్కినది తయారుచేసిన కంపెనీది. ఊళ్ళో నిలిచేవి ఆటో కిరాయి, టిఫిను, పూలు, బొమ్మలు, లాడ్జి యజమాని లాభం. ఇవి తీసిపారేసే మొత్తాలు కావు. వేల కుటుంబాలు వీటి మీదే బతుకుతున్నాయి.

కానీ ఈ జాబితాలో నగరపాలక సంస్థ పేరు ఎక్కడుంది? రోడ్డు ఊడ్చేది, కాలువ తీసేది, బస్టాండు ముందు గుట్టగా పడ్డ విస్తళ్ళు ఎత్తించేది అదే. జీఎస్టీలో దానికి నేరుగా వాటా లేదు. దాని చేతికి వచ్చేవి ఆస్తి పన్ను, నీటి పన్ను, ట్రేడ్ లైసెన్సు ఫీజు వగైరా. లాడ్జిలో ఒక గది నిండిన రోజైనా, యాభై గదులూ నిండిన రోజైనా ఆస్తి పన్ను ఒక్క పైసా మారదు. యాత్రికులు వేల సంఖ్యలో దిగే రైల్వే స్టేషనుకు రాజ్యాంగం 285వ అధికరణ కింద ఆ పన్నే లేదు. అంటే జనం పెరిగితే ఆదాయం పెరిగే సంస్థలు కొన్ని, ఖర్చు పెరిగే సంస్థ ఇంకొకటి. సొమ్మొకడిది, సోకొకడిది అని వినే ఉన్నాం. ఇక్కడ సోకు అందరిదీ, ఊడ్పు ఒక్కడిది.

పైనుంచి వచ్చే గ్రాంట్లయినా ఆదుకుంటాయా అంటే అదీ లేదు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన గ్రాంట్లకు ప్రధాన కొలబద్ద జనాభా, అదీ 2011 జనాభా లెక్కల ప్రకారం. ఆ లెక్కల్లో తిరుపతి నగరం 2.87 లక్షలు. కొండకు రోజూ 60, 70 వేల మంది వెళ్ళివస్తారు. నగరంలో ప్రతి నలుగురికి ఒక అతిథి చొప్పున, ఏడాది పొడవునా. ఆ అతిథులు పర్యాటక శాఖ పట్టికలో ఉంటారు, ఆర్థిక సంఘం సూత్రంలో ఉండరు.

ఇక ఉద్యోగాలు. దేశ ఆర్థిక ఉత్పత్తిలో పర్యాటకం వాటా, పరోక్షంగా వచ్చేదీ కలుపుకుని, సుమారు 5 శాతం. ఉపాధిలో వాటా 12, 13 శాతం. కేంద్ర ప్రభుత్వం ఈ రెండు అంకెలనూ పక్కపక్కనే పెట్టి, ఇంత తక్కువ పెట్టుబడితో అన్ని ఉద్యోగాలా అని మురిసిపోతుంది. అవే అంకెలను ఇంకోలా చదవండి. నూటికి 12 మంది పనిచేసి నూటికి 5 రూపాయలే పుట్టిస్తున్నారంటే, ఆ రంగంలో తలకు దక్కే విలువ దేశ సగటులో సగం కూడా లేదు. గదులు సర్దే అమ్మాయి, ప్లేట్లు కడిగే కుర్రాడు, సీజనులో పద్నాలుగు గంటలు ఆటో తిప్పి వానాకాలంలో ఖాళీగా కూర్చునే డ్రైవరు: ఆ 12 శాతంలో ఎక్కువమంది ఇలాంటివాళ్ళే. పని దొరకడం మంచిదే. దాన్ని సంపద అని పిలవడం వాళ్ళను వెక్కిరించడమే.

అసలు విషయం చెత్త. ఇంటి చెత్తా, పర్యాటకుడి చెత్తా ఒకటి కావు. ఇంటి చెత్తలో సగానికి పైగా కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం లాంటి తడి చెత్త. వేరుచేసి ఇస్తే ఎరువవుతుంది. పర్యాటకుడు ఇంట్లో వండుకోడు. వాడి చేతిలో ఉన్నదంతా పొట్లమే. నూనె అంటిన పార్సిల్ డబ్బా, లోపల ప్లాస్టిక్ పూత ఉన్న పేపరు కప్పు, సగం తాగిన నీళ్ళ సీసా, వెండిరంగు చిప్స్ కవరు. ఇందులో సీసాను చెత్త ఏరుకునేవాళ్ళు తీసుకుంటారు, దానికి కాటా దగ్గర ధర ఉంది. చిప్స్ కవరుకు ధర లేదు. దాన్ని ఎవరూ ముట్టరు. పైగా ఇంటి చెత్త ఇంటి ముందు బుట్టలో, బండి వచ్చే వేళకు సిద్ధంగా ఉంటుంది. పర్యాటకుడి చెత్త ఇసుకలో, మెట్ల మీద, పార్కింగు స్థలంలో, కాలువలో చెల్లాచెదురుగా ఉంటుంది. ఒకదాన్ని బండిలో వేసుకుని పోవచ్చు, రెండోదాన్ని వంగి ఏరాలి. అదే బరువుకు మనుషులు ఎక్కువ కావాలి. అదీ రోజూ ఒకేలా రాదు. ఆదివారం, పండగ, సెలవు రోజుల్లో ఒక్కసారి మీద పడుతుంది. ఆ రోజుకు సరిపడా బండ్లు, మనుషులు ఉంచుకుంటే మామూలు రోజుల్లో భారం. ఉంచుకోకపోతే సోమవారం ఉదయం ముక్కు మూసుకోవాలి.

విశాఖను చూడండి. రుషికొండ బీచికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ప్రతి పర్యాటక ప్రకటనలోనూ దాన్ని వాడుకున్నారు. 2025 మొదట్లో నిర్వహణ సరిగా లేదని ఆ జెండాను కొన్నాళ్ళు దించాల్సి వచ్చింది. జనం తగ్గి పోయిన పరువు కాదు అది. జనం వచ్చాక రోజూ చేయాల్సిన పని చేయకపోవడం వల్ల పోయింది. నగరం చెత్త అంతా చేరేది కాపులుప్పాడకు. అక్కడ చెత్తతో విద్యుత్తు తయారుచేసే ప్లాంటు ఉంది కదా అంటారు. బీచిలో ఇసుకలో కూరుకుపోయిన కవరు దానంతట అది ప్లాంటుకు నడిచి వెళ్ళదు. దాన్ని ఏరి అక్కడిదాకా చేర్చేదాకా అయ్యే ఖర్చే నగరం మీద పడే ఖర్చు.

ఈ ఖర్చు ఎవరు భరించాలి అనే ప్రశ్న మన దగ్గర ఒకసారి సూటిగానే వచ్చింది. 2023 అక్టోబరులో టీటీడీ పాలకమండలి తన వార్షిక బడ్జెట్‌లో ఒక శాతాన్ని తిరుపతి నగరానికి కేటాయించాలని తీర్మానించింది. ఆ ఏడాది బడ్జెట్ 4,400 కోట్లకు పైమాటే, అంటే నగరానికి 44 కోట్లు. వెంటనే అభ్యంతరాలు లేచాయి. భక్తుల కానుకలను మున్సిపల్ పనులకు మళ్ళించడమేమిటన్నారు. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళింది, నిధులు ఆగిపోయాయి. హుండీ సొమ్ము ధార్మిక పనులకే పోవాలన్న వాదనను నేను తోసిపుచ్చను. కానీ ఆ వాదన గెలిచాక ఒక ప్రశ్న మిగిలిపోయింది. దేవుడి డబ్బు ముట్టకూడదు, రైల్వే పన్ను కట్టదు, జీఎస్టీ పంచరు. మరి యాత్రికుడు వదిలిన విస్తరిని ఎవరి డబ్బుతో ఎత్తాలి? ఆనాడు తీర్మానాన్ని అడ్డుకున్నవాళ్ళెవరూ దానికి జవాబు చెప్పలేదు.

జవాబు లేనప్పుడు భారం అడుగున ఉన్నవాడి మీదికి జారుతుంది. 2023 డిసెంబరు చివర్లో, ఏడాది ముగింపు రద్దీ మొదలైన వేళ, ఆంధ్రప్రదేశ్ మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగారు. ఆరోగ్య భత్యం కలుపుకుని నెలకు 21 వేలు. దాని చుట్టూ, ఉద్యోగ భద్రత చుట్టూ తిరిగిన పోరాటం అది. 2025లో తిరుపతి, విజయవాడ, గుంటూరు స్వచ్ఛ సర్వేక్షణ్ సూపర్ స్వచ్ఛ్ లీగ్‌లో నిలిచాయి. చూశారా, పర్యాటకులు వచ్చినా నగరం శుభ్రంగా లేదా అని అడుగుతారు. ఉంది. ఆ శుభ్రతకు పర్యాటకుడు కట్టింది సున్నా. కట్టింది నగరవాసి పన్నుతో, కార్మికురాలు నడుముతో.

నగరవాసి సంగతికొస్తే, అతణ్ణి అడగడానికి ప్రభుత్వాలకు ఎప్పుడూ మొహమాటం లేదు. 2021లో క్లాప్ పథకం పేరుతో నగరాల్లో ఇంటికి నెలకు 120 రూపాయల దాకా వసూలు మొదలుపెట్టారు. జనం దాన్ని చెత్త పన్ను అని తిట్టిపోశారు. 2024లో ప్రభుత్వం మారాక దాన్ని రద్దు చేశారు. ఆ పన్ను తెచ్చినవాళ్ళకూ తట్టని, ఎత్తేసినవాళ్ళకూ తట్టని ఆలోచన ఒకటుంది. గడప గడపకూ వెళ్ళి 120 అడగగలిగినవాళ్ళు, లాడ్జి కౌంటరులో గదికి ఒక 20 ఎందుకు అడగలేకపోయారు? నగరవాసి ఓటరు, అయినా అడిగారు. పర్యాటకుడు ఇక్కడి ఓటరు కూడా కాడు, అయినా అడగలేదు. అతన్ని మహారాజ పోషకుడిగా ఊహించుకోవడం మనకు అంతగా అలవాటైపోయింది.

ఒక్క చెత్తే కాదు, నీళ్ళూ అంతే. 2018 మే నెలలో సిమ్లాలో మంచినీళ్ళు అడుగంటాయి. నగరవాసులు బిందెలతో ట్యాంకర్ల ముందు నిలబడి, దయచేసి ఈ వేసవిలో మా ఊరికి రావద్దని పర్యాటకులను వేడుకున్నారు. పర్యాటకం మీద బతికే ఊరు పర్యాటకుణ్ణి రావద్దని బతిమాలుకుందంటే, ఆ వ్యాపారంలో లాభం ఎవరిదో, నష్టం ఎవరిదో వేరే చెప్పాలా?

ఇక అభ్యంతరాలు. జనానికి శుభ్రత తెలియకపోతే ప్రభుత్వం ఏం చేస్తుంది, అలవాట్లు మారాలి అంటారు. ఇది చాలా సౌకర్యమైన మాట. ఎందుకంటే అలవాట్లకు బడ్జెట్ కేటాయించక్కర్లేదు. తిరుమల కొండ మీద ప్లాస్టిక్ సీసాలు నిషేధించారు. అలిపిరి దగ్గర తనిఖీ ఉంటుంది, పైన తాగునీటి ఏర్పాటు ఉంటుంది. అక్కడ బుద్ధిగా ఉన్న యాత్రికుడే కిందికి దిగి బస్టాండు చేరేసరికి ప్లాస్టిక్ సీసా కొని, తాగి, పక్కన పడేస్తాడు. గంటలో అలవాటు మారిందా? ఏర్పాటు మారింది, అంతే. పొరుగున నీలగిరుల్లో మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2022లో ఒక పద్ధతి పెట్టారు. మద్యం సీసా మీద 10 రూపాయలు అదనంగా తీసుకుంటారు, ఖాళీ సీసా తిరిగిస్తే వెనక్కిస్తారు. అడవిలో విసిరేసే సీసాలు దుకాణానికి తిరిగిరావడం మొదలైంది. తాగినవాడికి కూడా పది రూపాయల విలువ తెలుసు.

రుసుము పెడితే పర్యాటకులు రారంటారు. రెండు వేలు గదికి పెట్టేవాడు ఇరవై రూపాయలకు ప్రయాణం మానుకుంటాడా? 2024 ఏప్రిల్ 25న వెనిస్ నగరం రద్దీ రోజుల్లో వచ్చిపోయేవాళ్ళ దగ్గర 5 యూరోలు వసూలు చేయడం మొదలుపెట్టింది. జనం తగ్గలేదని అక్కడివాళ్ళ ఫిర్యాదు. మన భయస్తులకు అదే సమాధానం. వెనిస్ ఆ పనికి పూనుకునేసరికి చాలా ఆలస్యమైంది కూడా. 1951లో పాత నగరంలో లక్షా 75 వేల మంది కాపురముండేవారు, ఇప్పుడు 50 వేలు కూడా లేరు. పర్యాటకులు నిండుగా ఉన్నారు, ఊరే ఖాళీ అయింది.

ఇదంతా విదేశీ ఫ్యాషన్ అనేవాళ్ళు కొంచెం వెనక్కి చూడాలి. యాత్రాస్థలాలకూ, మేళాలకూ వచ్చిపోయే రైలు ప్రయాణికుల మీద పన్ను వేయడానికి మన పార్లమెంటు 1956లోనే చట్టం చేసింది. యాత్ర వల్ల ఊరి మీద పడే భారాన్ని యాత్రికుడు కొంత పంచుకోవాలన్న బుద్ధి మనకు కొత్త కాదు. మధ్యలో పోగొట్టుకున్నాం.

పేదవాడి యాత్ర మీద పన్నా అని అడిగేవాళ్ళు నిజాయితీగానే అడుగుతారు. వాళ్ళకు ఒకటే మనవి. పేద యాత్రికుణ్ణి మినహాయించండి. సత్రంలో పడుకునేవాడిని, జనరల్ బోగీలో వచ్చేవాడిని వదిలేయండి. లాడ్జి గది, కారు, టూరిస్టు బస్సు మీద వేయండి. పన్ను లేకపోవడం వల్ల పేదవాడికి ఇప్పుడు జరుగుతున్న మేలు కూడా ఏమీ లేదు. చెత్త కుప్పలు ముందు పేరుకునేది వాడు పడుకునే చోటే.

అంకెలు పెద్దవి కానక్కర్లేదు. రోజుకు 60 వేల మంది అనుకుని, తలకు సగటున ఐదు రూపాయలు పడేలా వసూలు చేసినా ఏడాదికి దాదాపు 11 కోట్లు. నెలకు 21 వేల చొప్పున నాలుగు వందల మందికి పైగా కార్మికుల ఏడాది జీతం అది. ఒక్క షరతు: ఆ డబ్బు రాష్ట్ర ఖజానాకు వెళ్ళకుండా తిన్నగా నగరపాలక సంస్థ ఖాతాలో పడాలి, పారిశుధ్యానికే ఖర్చవాలి. రోజుకు 100 కిలోలు దాటి చెత్త వచ్చే హోటళ్ళూ, సంస్థలూ దాన్ని వేరుచేసి, తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే శుద్ధి చేసుకోవాలని 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలే చెప్పాయి. దాన్ని కొత్తగా కనిపెట్టక్కర్లేదు, అమలు చేస్తే చాలు. గ్రాంట్లు పంచేటప్పుడు వచ్చిపోయే జనాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అన్నింటికన్నా ముందు, ఇన్ని లక్షల మంది వచ్చారని ప్రకటించిన ప్రతిసారీ ఎన్ని టన్నులు ఎత్తారో, ఎంతయిందో, ఎవరు కట్టారో అదే ప్రకటనలో చెప్పాలి.

2027లో గోదావరి పుష్కరాలు. రాజమహేంద్రవరంలో ఎన్ని కోట్ల మంది మునుగుతారో, ఎన్ని వేల కోట్ల వ్యాపారం జరుగుతుందో అంచనాలు ప్రకటించడానికి మంత్రులకు నోళ్ళు సిద్ధంగా ఉన్నాయి. పన్నెండు రోజుల పుష్కరం అయిపోయిన పదమూడో రోజున ఘాట్ల మీద ఉండేది మంత్రులూ కారు, యాప్ కంపెనీలూ కావు. చీపురు పట్టుకున్న మున్సిపల్ కార్మికులు. వాళ్ళ జీతం, వాళ్ళ బండ్లు, వాళ్ళ చేతులకు గ్లవ్సులు ఏ ఖాతా నుంచి వస్తాయో ముందే రాసిపెట్టని ప్రభుత్వానికి వచ్చిన జనం గురించి గొప్పలు చెప్పుకునే హక్కు లేదు.